ఫ్యాను లేని గదిలో హార్డ్ డిస్క్

విజయవాడలో ఉన్నప్పుడు మా డెస్క్‌టాప్ మంచం పక్కనే రాత్రంతా నడిచేది. దాని చప్పుడు ఒక్కనాడూ చెవిన పడలేదు. నెత్తిమీద ఫ్యాను, వీధిలో ఆటోలు, ఎదురింటి టీవీ మధ్య పాపం హార్డ్ డిస్క్ గొంతు ఎవరికి వినబడుతుంది? జర్మనీలో, లైప్‌జిగ్‌లోని మా గదికి ఫ్యానే లేదు. చలికాలం రెండద్దాల కిటికీ మూశామంటే ట్రామ్ కూడా వినిపించదు. మిగిలేది ఆ హోరొక్కటే.

ఇక్కడ రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయకూడదు, ఆదివారమైతే రోజంతా. ఆదివారం విశ్రాంతి ఇంటి ఓనరు పెట్టిన షరతనుకునేరు! 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో ఉన్న మాటను 1949లో ఇప్పటి రాజ్యాంగంలోకి తెచ్చుకున్నారు. ఇంత పట్టింపున్న దేశంలో, చప్పుడు చేయని కంప్యూటర్ ఫ్యాన్లు అమ్మే ‘బీ క్వైట్!’ కంపెనీ పుట్టిందంటే వింతేముంది?

కింది అంతస్తు పెద్దావిడ మెట్ల మీద ఎదురై, “రాత్రిళ్లు మీ ఇంట్లో ఏదైనా మెషీన్ నడుస్తుందా అండీ?” అని మర్యాదగానే అడిగారు. ఫోన్లో చెబితే మా బావమరిది, “ఇంకా ఆ డిస్కేంటి బావా, ఎస్సెస్‌డీ వేసెయ్” అన్నాడు. నిజమే, కదిలే భాగమే లేనిదానికి చప్పుడెక్కడిది? కానీ పెళ్లి వీడియోలు, క్యాసెట్ల నుంచి ఎక్కించిన హరికథలు టెరాబైట్ల కొద్దీ ఉన్నాయి. అంత ఎస్సెస్‌డీ కొనాలంటే జేబు ఒప్పుకోవాలి. అసలు డిస్కుల్లో అంత చోటు రావడంలో జర్మనీ చెయ్యీ ఉంది. 1988లో యూలిష్‌లో పీటర్ గ్రూన్‌బెర్గ్ కనిపెట్టిన అయస్కాంత ధర్మం మీదే తర్వాతి డిస్కుల రీడ్ హెడ్లు తయారయ్యాయి. ఆయనకూ, విడిగా అదే కనిపెట్టిన ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆల్బెర్ ఫెర్‌కూ 2007లో నోబెల్ వచ్చింది.

ఇక చప్పుడు సంగతి. డిస్కు లోపలి పళ్లేలు తిరిగేది నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకు 120. పళ్లేల తూకంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా డిస్కు సెకనుకు 120 సార్లు వణుకుతుంది. అరచేతిలో పట్టే వస్తువు అంత మంద్రస్వరాన్ని తనంతట తాను గదినిండా వినిపించలేదు. నాలుగు స్క్రూల గుండా వణుకు కేబినెట్ రేకులకు పాకుతుంది, అక్కణ్నుంచి మా పాత ఇంటి చెక్క నేలకు. వీణలో కుండ చేసే పని ఇక్కడ ఆ రేకులు చేస్తాయి. రెండు డిస్కులుంటే మరీ కష్టం. వాటి వేగాల్లో పిసరంత తేడా ఉండటంతో హోరు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఒకే తీరున సాగే చప్పుడును చెవి మరిచిపోతుంది గానీ దీన్ని మరవలేదు.

అందుకే డబ్బా లోపల స్పాంజి అతికించే వైద్యం మీద నాకు నమ్మకం లేదు. పల్చటి స్పాంజి మంద్రాన్ని ఆపలేదు, పైగా గాలి ఆడక లోపల వేడెక్కుతుంది. తెంచాల్సింది వణుకు పాకే దారిని. స్క్రూల దగ్గర రబ్బరు వాషర్లు వేస్తే కొంత నయం, గట్టిగా బిగిస్తే మాత్రం రబ్బరు నలిగి వాటి పని పోతుంది. నన్నడిగితే అన్నిటికన్నా మేలు పైజామా ఎలాస్టిక్. డీవీడీ డ్రైవ్ తీసేసిన ఖాళీ అరలో, దేనికీ తగలకుండా డిస్కును ఎలాస్టిక్ మీద వేలాడదీశాను. కేబినెట్ కాళ్ల కింద వాషింగ్ మెషీన్ రబ్బరు మ్యాట్ ముక్కలు పెట్టాను. హోరు పోయింది. ఫైళ్లు వెతికేటప్పుడు కటకటలాడటం మిగిలింది, అది పగటి పని.

వేలాడే డిస్కుకు ఇనుప అర ఆసరా ఉండదు కాబట్టి వేడి పోవడానికి గాలే దిక్కు. ఎదురుగా ఒక ఫ్యాను నెమ్మదిగా తిరగాలి. చాలా డిస్కులకు తయారీదారులు పెట్టే హద్దు 60 డిగ్రీలు, నేను 45 దాటనివ్వను. కంప్యూటర్ కదిలించాల్సి వస్తే ముందు ఆపి, డిస్కును తీసి మళ్లీ స్క్రూలతో బిగించాలి. లేదంటే మెట్లు దిగేలోపు ఎలాస్టిక్ జారి, హరికథలన్నీ కేబినెట్ అడుగున పడతాయి.