కిటికీ మూల

మా నాయనను మొదటిసారి విమానమెక్కించినప్పుడు కిటికీ చుట్టూ వేలితో తడిమి, "మూలలు లేవేందిరా దీనికి?" అన్నాడు. మైలవరం డ్యాం గేట్లకు ఏళ్ల తరబడి గ్రీజు పూసిన చేయి అది. నీళ్లు గోడను ఎట్లా నెడతాయో ఆయనకు నేను చెప్పక్కర్లేదు.

గాలి సంగతి చెప్పాను. పైన గాలి పలచన. మనం ఊపిరి తీసుకోవాలంటే లోపల కనీసం 8,000 అడుగుల ఎత్తులో ఉండేంత ఒత్తిడైనా ఉండాలి. అందుకే గాలి నింపుతారు. అది చదరపు అడుగుకు సుమారు అర టన్ను బలంతో గోడను బయటికి నెడుతుంది.

1954లో రెండు కామెట్ విమానాలు మధ్యధరా సముద్రం మీద గాల్లోనే విచ్చిపోయాయి. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ఇంకో కామెట్‌ను నీళ్ల తొట్టిలో పెట్టి, లోపలా నీళ్లే నింపి, ఒత్తిడి పెంచుతూ దించుతూ పోయారు. దాదాపు 3,000 ప్రయాణాల లెక్కకు కిటికీ మూల దగ్గర చీలింది. ఒక్క పెద్ద బరువుకు కాదు. నిండడం, ఖాళీ కావడం, మళ్లీ నిండడం. అందుకే మూలలు గుండ్రం చేశారు.

"మన డ్యాం నిండితే ఏడాదికొకసారి నిండుతాది. ఇది?"

"దినానికి నాలుగైదు సార్లు, నాయనా."

చాలాసేపు మబ్బుల్ని చూశాడు. "మీయమ్మ ఉన్నప్పుడు నువ్వెన్నిసార్లు వచ్చిపోయినావురా?"

విమానానికైతే ప్రతి ప్రయాణమూ పుస్తకంలో రాస్తారు, పగులు పెరగకముందే వెతికి పట్టుకోడానికి. మా ఇంట్లో ఆ లెక్క నేను రాయలేదు.