మొజంజాహీలో ముల్లు మార్పించాం!

మొజంజాహీ మార్కెట్‌కి ఎవరైనా ఐస్‌క్రీం కోసం వెళ్తారు. మేం మాత్రం పాత దుప్పట్లో చుట్టిన పది కిలోల మూటతో ఆటో దిగాం.

మూటలో ఉన్నది టర్న్‌టేబుల్. డీజేలు వాడే రికార్డ్ ప్లేయరన్నమాట. మా మేనల్లుడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన పద్దెనిమిది వేలు పోసి, ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్‌ది కొన్నాడు. ‘ఫుల్ కండిషన్’ అన్నాడు అమ్మినాయన. తీరా చూస్తే ఒక స్పీకరే పలుకుతోంది. అదీ తుమ్మెద రొదతో! వేగమేమో కాసేపు నడక, కాసేపు పరుగు. ఫోన్ చేస్తే ‘మా దగ్గర బాగానే పాడింది, దారిలో ఏమైందో’ అన్నాడు. మర్నాటి నుంచి ఫోనే ఎత్తలేదు.

‘రికార్డులు గీకడానికి అంత డబ్బు తగలేశావా?’ అని అమ్మ చీవాట్లు. నాన్న మాత్రం ఏమీ అనకుండా అటక మీది పెట్టె దింపించారు. అందులోంచి ‘దానవీరశూరకర్ణ’ సంభాషణల రికార్డు బయటికి తీశారు. 1977లో ఆ సినిమా వచ్చాక ఊళ్లో పెళ్లయినా పండగైనా మైకుసెట్టులో ఆ డైలాగులే కదా! ‘అది బాగైతే ఇది పెట్టి వినిపించరా’ అన్నారు మనవడితో. పాతికేళ్లుగా ఆయన దాన్ని వినలేదు.

అదీ మా ప్రయాణానికి కారణం.

రాతి కమాన్లు, గడియారం బురుజుతో కోటలా కనిపించే ఈ మార్కెట్‌ని 1935లో కట్టారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. ఒకప్పుడు ఊరందరికీ పళ్లు ఇక్కడి నుంచే వెళ్లేవి. 1980ల్లో ఆ టోకు వ్యాపారం కొత్తపేటకు తరలింది. తర్వాత కట్టడం మసిబారింది, రేకులు వచ్చిపడ్డాయి. వాటిని తీసేసి, రాయిని శుభ్రంచేసి 2020 ఆగస్టులో మళ్లీ ప్రారంభించారు. ఇక్కడి నుంచి ఒక దారి నాంపల్లికి, ఒకటి అబిడ్స్‌కి. కోఠి వైపు కదిలితే ట్రూప్‌బజార్... వైర్లు, స్విచ్చుల లోకం. ఆ చుట్టుపక్కల గల్లీలోనే దొరికాడు మా మెకానిక్. మనిషి పట్టేంత కొట్టు. గోడ నిండా విప్పిన ఆంప్లిఫయర్లు.

‘ముందే పైసల మాట వద్దు సార్, ఇప్పి చూద్దాం’ అన్నాడు.

మా కళ్లముందే విప్పాడు. ముల్లు బిగించే తలలో వెంట్రుకల్లాంటి నాలుగు వైర్లుంటాయి. తెలుపు, నీలం ఎడమ వైపువి. ఎరుపు, ఆకుపచ్చ కుడి వైపువి. ఎర్రది ఊడింది, కుడి స్పీకర్ మూగబోయింది. రొదకి కారణం తెగిన ఎర్త్ వైరు. వేగాన్ని మార్చే మీట కింద దుమ్ము పేరుకుంది. అందుకే ఆ తైతక్కలు. తుడిచి, అతికి, పళ్లెం తిప్పాడు. పళ్లెం అంచున చుక్కల వరుసలుంటాయి. పక్కనున్న చిన్న లైటు వెలుగులో, వేగం సరిగ్గా నిమిషానికి 33⅓ చుట్లుంటే పెద్ద చుక్కల వరుస కదలకుండా నిలబడినట్టు కనిపిస్తుంది. నిలబడింది! మావాడు ఎగిరి గంతేశాడు.

సంచిలోంచి కర్ణుణ్ని తీసి అందించాను. మెకానిక్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

‘ఇది పెట్టను సార్. ముల్లు అరిగింది. గీసుకపోయిందంటే ఎవ్వడు ఏం చెయ్యలేడు. కొత్త ముల్లు తెచ్చినంక రండి.’

తన దగ్గరున్న ఓ పనికిరాని రికార్డు పెట్టి రెండు స్పీకర్లూ పలుకుతున్నాయని చూపించాడు. ఆరొందలు తీసుకున్నాడు. పద్దెనిమిది వేలు పుచ్చుకున్నాయన చెప్పని మాట, ఆరొందలాయన చెప్పాడు.

ఈ యంత్రాలు ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లో తిరగడానికీ కారణముంది. డీజేలు కొలబద్దగా చెప్పుకునే టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 పుట్టింది 1972లో. 2010లో తయారీ ఆపేసి, 2016లో మళ్లీ మొదలెట్టారు. మోటారు గట్టిది కావడంతో దశాబ్దాల నాటివీ చేతులు మారుతుంటాయి. కొంటే మంచిదే. కానీ రెండు స్పీకర్లూ పలకడం, చుక్కలు నిలబడడం వీడియోలో చూపించమనండి. ముల్లు ఎప్పుడు మార్చారో అడగండి. పళ్లెం విడిగా తీసి, చెయ్యి కదలకుండా కట్టి పంపమనండి. జపాన్ నుంచి వచ్చిందైతే వంద వోల్టులదో కాదో చూసుకోండి. మన 230 వోల్టులు నేరుగా ఇస్తే కాలిపోతుంది. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయడం మాత్రం మరవొద్దు. మేం తీయలేదు!

ముల్లు రావడానికి మూడు వారాలు పట్టింది. ఈసారి నాన్న కూడా వచ్చారు. మెకానిక్ కొత్తది బిగించి, పాతది కాయితంలో చుట్టి మాకే ఇచ్చాడు. ‘మార్చిన్నో లేదో మీకు తెల్వాలె గద’ అన్నాడు. తర్వాత చేతులు తుడుచుకుని, కర్ణుణ్ని తనే పళ్లెం మీద పెట్టాడు.

మొదట చిటపటలు. ఆ వెనకే ఎన్టీఆర్ గొంతు. టీ తెచ్చిన కుర్రాడు గ్లాసులతో అక్కడే ఆగిపోయాడు. నాన్న స్టూలు మీద కూర్చుని, గొంతు కంటే ముందే పెదవులు కదుపుతున్నారు. ఒక్క మాట తప్పలేదు.

తిరిగి వస్తూ మార్కెట్‌లో ఐస్‌క్రీం తిన్నాం. ‘తాతయ్యా, దీన్ని కొంచెం స్క్రాచ్ చేస్తే అదిరిపోతుంది’ అన్నాడు మావాడు.

నాన్న రికార్డును ఒళ్లోకి లాక్కున్నారు. ‘నువ్వు గీక్కోవడానికి ఇంకోటి కొనిపెడతాలే’ అన్నారు.