ఆసు ముందు కూర్చున్నాక

సివిల్స్ ఇంటర్వ్యూలు జరిగేది ఢిల్లీ షాజహాన్ రోడ్డులోని ధోల్‌పూర్ హౌస్‌లో. మొదటిసారి ఆ మెట్లెక్కినప్పుడు పోచంపల్లి కుర్రాడి ఒంటిమీద అప్పు చేసి కుట్టించిన సూటు ఉంది. నోటినిండా బట్టీపట్టిన ఇంగ్లిషు ఉంది. గదిలోకి ఎలా నడవాలి, కుర్చీలో ఎలా కూర్చోవాలి, ఎంత నవ్వాలి... అన్నీ హైదరాబాదు కోచింగులో నేర్పి పంపారు.

గదిలో చైర్మన్, నలుగురు సభ్యులు. దాదాపు అరగంట. చేతిలో 275 మార్కులు. రాతపరీక్షకున్న 1750 మార్కుల పక్కన ఇవి చిన్నగానే కనిపిస్తాయి. కానీ గట్టున పడేదీ, నీట మునిగేదీ చాలాసార్లు వీటితోనే తేలిపోతుంది.

మొదటి పది నిమిషాలు సాఫీగా గడిచాయి. అప్పుడు ఒక సభ్యురాలు అతని దరఖాస్తు చూస్తూ, ‘మీది చేనేత కుటుంబం కదా, ఇంట్లో ఎవరేం చేస్తారు?’ అని అడిగారు. నాన్న మగ్గం నేస్తాడు, అమ్మ ఆసు పోస్తుంది అన్నాడు.

‘ఆసు అంటే?’

అతను వెంటనే చేనేత పథకాల చిట్టా విప్పాడు. ఆమె మధ్యలోనే ఆపి, ‘అవి మాకూ తెలుసు. ఆసు ఎలా పోస్తారో చెప్పండి’ అన్నారు. ఏవో నాలుగు మాటలు తడుముకున్నాడు. అది పడుగుకా, పేకకా అంటే పడుగుకన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. చిన్నగా నవ్వి కాగితం పక్కన పెట్టారు.

ఫలితాల్లో అతని పేరు లేదు. ఇంటర్వ్యూలో వచ్చినవి 121 మార్కులు. వయసు రీత్యా ఇక మిగిలింది ఒకే ఒక్క అవకాశం.

ఊరికొచ్చాక, చిన్నప్పుడు చదువు చెప్పిన సారు ఇంటికొచ్చారు. జరిగిందంతా విని, ‘వాళ్ళు నిన్ను పుస్తకం అడగలే బిడ్డా, నీ ఇల్లు అడిగిన్రు’ అన్నారు. వెళ్తూ వెళ్తూ అబ్దుల్ కలాం ఆత్మకథ చేతిలో పెట్టారు. వైమానిక దళంలో చేరాలని డెహ్రాడూన్ వెళ్ళిన కలాం 25 మందిలో తొమ్మిదో స్థానంలో నిలిచారు. ఉన్న ఖాళీలు ఎనిమిది! అంతటివాడికే అలా జరిగిందన్న ఊరట అతనికి కొంత దొరికింది. కానీ సారు అన్న మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ రాత్రి అతను అమ్మ పక్కన, ఆసు ముందు కూర్చున్నాడు. ఒక కొసన ఒకటే మేకు. ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. పోగును ఆ మేకు నుంచి ఒక్కో మేకుకూ తీసుకెళ్ళి మళ్ళీ వెనక్కి తేవాలి. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అలా తిరగాలి. ఆ తరవాతే చిటికి కట్టడం, రంగులద్దడం. అప్పటికిగానీ అది మగ్గం మీదికి వెళ్ళే పేక కాదు.

రెండొందల చుట్లకే అతని భుజం లాగేసింది. అమ్మ నవ్వింది. ‘గింతకేనా?’

అదే బల్బు వెలుగులో పదేళ్ళు చదివాడు. పక్కనే కదులుతున్న ఆ చేతిని ఒక్కనాడూ సరిగా చూడలేదు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారని, 2017లో పద్మశ్రీ అందుకున్నారని అతనికి తెలుసు. నోట్సులో ‘కరెంట్ అఫైర్స్’ కింద రాసుకున్నాడు కూడా!

రెండోసారి సూటు వేసుకోలేదు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో వెళ్ళాడు. మొదటి ప్రశ్నకే జవాబు తెలియలేదు. పోయినసారైతే చుట్టూ తిప్పి ఏదో ఒకటి చెప్పేవాడు. ఈసారి ‘తెలియదండీ’ అన్నాడు. చైర్మన్ తలూపి ముందుకు వెళ్ళారు.

చివర్లో మాట చేనేత మీదికి వచ్చింది. ఆసు గురించి అడిగితే చేతులతో చూపిస్తూ చెప్పాడు. ‘దానికి యంత్రం వచ్చింది కదా, మీ ఇంట్లో ఉందా?’ అన్నారొకరు.

‘లేదండీ.’

‘ఎందుకని?’

ఒక్క క్షణం ఆగాడు. ‘కొనే స్తోమత లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. లెక్క చూస్తే, నా కోచింగుకు పెట్టిన డబ్బుతో అది వచ్చేది. అమ్మ అడగలేదు, నాకు తట్టలేదు.’

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత చైర్మన్ చాలా మెల్లగా, ‘థాంక్యూ’ అన్నారు.

ఆ ఏడు అతనికి ఐఏఎస్ రాలేదు గానీ మరో కేంద్ర సర్వీసు వచ్చింది. ఇంటర్వ్యూలో 178 మార్కులు. నడకా, నవ్వూ, దుస్తులూ తలుపు దాటేదాకా పనికొస్తాయేమో. కుర్చీలో కూర్చున్నాక మాత్రం ఎదుటివాళ్ళు చూసేది ఆ మాట వెనక మనిషి ఉన్నాడా లేడా అని. అది తెలుసుకోవడానికి అతనికి ఓ ఏడాది, ఒక రాత్రి భుజం నొప్పి పట్టాయి.

ఆ రోజు ధోల్‌పూర్ హౌస్ బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేశాడు.

‘ఏం అడిగిన్రు బిడ్డా?’

‘నీ గురించే అడిగిన్రమ్మా.’

అటువైపు కాసేపు చప్పుడు లేదు.

‘నా గురించా! నా గురించి చెప్పనీకి ఏముంటది?’ అంది అమ్మ.