నీకు నచ్చదులే అక్కా

నేను హెవీ మెటల్ వింటానంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు. సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి, చేనేత చీర కట్టుకుని సెమినార్లలో పత్రాలు చదివే మనిషి ఆ రణగొణధ్వని ఎలా భరిస్తుందని ఆశ్చర్యపోతారు. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. వినడమే కాదు, దానిమీద నాకు చాలా గట్టి అభిప్రాయాలున్నాయి. మెటాలికా వాళ్ళు 1986లో తెచ్చిన 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' ముందు వాళ్ళే తర్వాత చేసినదేదీ నిలబడదంటాను. అదే బృందం 2003లో తెచ్చిన 'సెయింట్ యాంగర్'లో డ్రమ్ము, ఖాళీ నూనెడబ్బా మీద గరిటెతో కొట్టినట్టుంటుందంటాను. ఎవరైనా కాదంటే అర్ధరాత్రి దాకా వాదిస్తాను. ఈ అభిప్రాయాల వల్ల మా చెల్లెలు ఏం పోగొట్టుకుందో మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అది రాద్దామనే కూర్చున్నాను.

మెటల్ నాకెందుకు నచ్చిందో ముందు చెప్పాలి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ అనే కార్మికవాడ ఉంది. అక్కడి కుర్రాడు టోనీ అయోమీ పదిహేడేళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఉద్యోగం మానేసే చివరి రోజున, కుడిచేతి రెండు వేళ్ళ కొసలు యంత్రంలో పోగొట్టుకున్నాడు. అతనిది ఎడమచేతి వాటం. గిటారు తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్ళతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. సన్నని తీగలు వేసుకున్నాడు. కొన్నాళ్ళకు వాటి బిగువు కూడా తగ్గించాడు. వదులు తీగల్లోంచి వచ్చిన ఆ బరువైన మంద్రధ్వని మెటల్ సంగీతానికి గుర్తుగా నిలిచిపోయింది. అతని బృందం 'బ్లాక్ సబాత్' మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. నేను సికింద్రాబాద్‌లో ఒక ఫిట్టర్ కూతురిని. నాన్న డ్యూటీ దిగి వచ్చాక ఎంత రుద్దినా గోళ్ళలో గ్రీజు పోయేది కాదు. ఇంటర్ చదివేటప్పుడు ఎవరో కాపీ చేసిచ్చిన ఎంపీ3 సీడీలో ఆ గిటారు మొదటిసారి విన్నప్పుడు, ఇది మావాళ్ళ చప్పుడే అనిపించింది.

అయితే మెటల్ వినే గుంపులో అంతా అబ్బాయిలే. వాళ్ళలో ఎవరైనా నల్ల టీషర్టు వేసుకుంటే చాలు, అభిమాని కింద లెక్క. నాకు మాత్రం వైవా పెట్టేవాళ్ళు. ఐరన్ మెయిడెన్‌లో బాస్ వాయించేదెవరు? వాళ్ళ మొదటి రెండు ఆల్బమ్‌లలో పాడిందెవరు? ఐదు పాటలు చెప్పు చూద్దాం! నేను ఐదు అడిగితే పదిహేను చెప్పేదాన్ని. 2011 అక్టోబర్ 30న మెటాలికా మొదటిసారి బెంగళూరులో వాయించినప్పుడు రాత్రంతా బస్సులో కూర్చుని వెళ్ళాను. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పక్కన నిలబడ్డ కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న "ఎవరితో వచ్చావు?" పాటతో వచ్చానని చెబితే అర్థమయ్యేలా లేడు.

ఈ వైవాలో మార్కులు రావడానికి ఒక సులువైన దారి ఉండేది. పాప్‌ని వెక్కిరించడం. బ్రిట్నీ స్పియర్స్ పేరెత్తగానే మొహం చిట్లించాలి. షకీరా అంటే నవ్వాలి. "ఛీ, ఆడపిల్లల పాటలు" అనాలి. ఆ మాట నేనంటే అబ్బాయిలకు ఇంకా ముచ్చటగా ఉండేది. "నువ్వు మిగతా అమ్మాయిల్లా కాదు" అనేవాళ్ళు. దాన్ని మెచ్చుకోలనుకుని ఏళ్ళ తరబడి దాచుకున్నాను. మిగతా అమ్మాయిలంటే ఎవరు? మా ఇంట్లోనే, నా పక్క మంచం మీదే ఒకమ్మాయి ఉండేది.

చెల్లి నాకన్నా రెండేళ్ళు చిన్నది. ఇద్దరికీ కలిపి ఒకటే సీడీ ప్లేయర్. పాకెట్ మనీ దాచుకుని ఎవనెసెన్స్ వాళ్ళ 2003 ఆల్బమ్ 'ఫాలెన్' కొనుక్కొచ్చింది. నాకు ఇష్టమైన గిటార్లూ, తనకిష్టమైన గొంతూ రెండూ అందులో ఉన్నాయి కదా, అక్కకి నచ్చుతుందని ఆశపడిందట. నేను రెండు పాటలు విని "ఇది మెటల్ కాదు, మేకప్" అన్నాను. 'బ్రింగ్ మి టు లైఫ్'లో మధ్యలో వచ్చే మగగొంతు ఒక్కటే బాగుందన్నాను. ఆ గొంతు ఏమీ లీ కోరుకున్నది కాదని, రికార్డు కంపెనీ పట్టుబట్టి పెట్టించిందని చాలా ఏళ్ళ తర్వాత ఆమె మాటల్లోనే తెలిసింది. ఒక ఆడమనిషి రాసి పాడుకున్న పాటలోకి బయటివాళ్ళు తెచ్చి కూర్చోబెట్టిన ఆ మగగొంతునే నేను వెతికి పట్టుకుని మెచ్చుకున్నాను!

2005లోనూ అంతే. ఫిన్లండ్ బృందం నైట్‌విష్, అక్టోబర్‌లో హెల్సింకీ కచేరీ అయిన వెంటనే, తమ గాయని టార్యా టురునెన్‌ను బహిరంగ లేఖతో తీసేసింది. భర్త వల్లా డబ్బు వల్లా ఆమె మారిపోయిందని ఆ లేఖలో ఆరోపణ. సంగతి తెలియగానే నేను బృందం వైపే మాట్లాడాను. తగాదా బయటపడితే కోడలిదే తప్పని తేల్చే పెద్దమనుషులకూ నాకూ అప్పుడు ఏం తేడా ఉంది?

ఒకరోజు చెల్లి ఇయర్‌ఫోన్లు కొనుక్కుంది. ఇంట్లో గోల తగ్గిందని అమ్మ సంతోషించింది. నేను గెలిచాననుకున్నాను.

డిగ్రీ అవగానే తనకు పెళ్ళి చేశారు. నేను పరిశోధనలో పడ్డాను. స్త్రీల గొంతుల గురించి అధ్యాయాల మీద అధ్యాయాలు రాశాను. 2016 వేసవిలో చెల్లి ఒక సూట్‌కేసుతో ఇంటికొచ్చేసింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఒక రాత్రి నిద్రపట్టక లేచి చూస్తే బాల్కనీలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏం వింటున్నావే?"

"నీకు నచ్చదులే అక్కా."

ఎంత మామూలుగా అందో! అందులో కోపం కూడా లేదు. పక్కన కూర్చుని ఒక ఇయర్‌ఫోన్ లాక్కున్నాను. బియాన్సే ఆల్బమ్ 'లెమనేడ్' ఆ ఏప్రిల్‌లోనే వచ్చింది. మోసం చేసిన భర్తమీద కోపం, దుఃఖం, చివరికి ఎలా నిలబడాలన్న ప్రశ్న... ఆల్బమ్ అంతా అదే. చెల్లి వింటున్నది 'డోంట్ హర్ట్ యువర్‌సెల్ఫ్'. ఆమె గొంతు చీరుకుపోయేలా అరుస్తోంది. ఆ అరుపు కింద మోగుతున్న డ్రమ్ములు నాకు బాగా తెలిసినవే.

"ఇది లెడ్ జెపెలిన్ డ్రమ్మే!" అన్నాను, పాత అలవాటు కొద్దీ.

"ఏమో, నాకవన్నీ తెలియవు. నాకు ఈమె అరవడం కావాలి" అంది. కాసేపాగి తనే చెప్పింది. రెండేళ్ళుగా నాకు ఫోన్ చేసి అన్నీ చెప్పాలనుకుందట. చెయ్యి ఆగిపోయేదట. "నువ్వు వెంటనే తీర్పిచ్చేస్తావు కదక్కా. అలాంటివాణ్ణి ఇన్నాళ్ళెందుకు భరించావంటావు. దానికి నా దగ్గర జవాబు లేదు."

ఆ రాత్రి నేనేం మాట్లాడానో గుర్తులేదు. పాట మాత్రం మళ్ళీ మళ్ళీ విన్నాం.

తర్వాత ఆ డ్రమ్ముల వెనక ఏముందో వెతికాను. అవి లెడ్ జెపెలిన్ 1971లో తెచ్చిన నాలుగో ఆల్బమ్‌లోని 'వెన్ ద లెవీ బ్రేక్స్' పాటవి. మెటల్ అభిమానులు తమ పూర్వీకుల కింద లెక్కేసుకునే పాట అది. కానీ లెడ్ జెపెలిన్‌కు అది సొంత పాట కాదు. 1927లో మిసిసిపీ నదికి వచ్చిన మహావరద మీద మెంఫిస్ మిన్నీ, కాన్సస్ జో మెకాయ్ అనే నల్లజాతి దంపతులు 1929లో రికార్డు చేసిన బ్లూస్ పాట. మెకాయ్ పాడాడు, మిన్నీ గిటారు కూడా వాయించింది. లెడ్ జెపెలిన్ రికార్డు మీద రచయితల వరసలో ఆమె పేరు ఉంది. నేను వందసార్లు విన్న పాట అది. ఆ పేరు ఒక్కసారీ చదవలేదు. నా వైవాల్లో ఎవరూ అడగలేదు మరి! నల్లజాతి స్త్రీ చేతి గిటారు తెల్లజాతి మగవాళ్ళ రాక్‌గా మారి, ఎనభై ఏడేళ్ళకు మళ్ళీ ఒక నల్లజాతి స్త్రీ గొంతు కిందికి వచ్చి చేరింది. నేను 'ఆడపిల్లల పాటలు' అని తీసిపారేసిన చోటనుంచే నా సంగీతానికి అమ్మమ్మ ఎవరో తెలిసింది. ఆ పాట 2017లో గ్రామీ అవార్డుల రాక్ విభాగంలోనే నామినేట్ అయింది కూడా.

ఈ గోడ మేం కట్టుకున్నదే. బయటి కాపలాదారులకు అసలు కనిపించేది కాదు. 1985లో అమెరికాలో రాజకీయ నాయకుల భార్యలు కొందరు సంఘంగా ఏర్పడి, పిల్లల్ని చెడగొడుతున్నాయని పదిహేను పాటల జాబితా ఇచ్చారు. అందులో తొమ్మిది జూడాస్ ప్రీస్ట్, బ్లాక్ సబాత్ లాంటి మెటల్, హార్డ్‌రాక్ బృందాలవి. ఒకటి ప్రిన్స్‌ది. మిగిలిన ఐదూ ఆడవాళ్ళ గొంతులు... మడోనా, సిండీ లాపర్, షీనా ఈస్టన్, వానిటీ, మేరీ జేన్ గర్ల్స్. సిండీ లాపర్ పాట నేరం ఏమిటంటే, స్త్రీ తన శరీరంతో తాను పొందే సుఖం గురించి సరదాగా పాడడం. మేం ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు గుంపుల్నీ నీతి పేరుతో వాళ్ళు ఒకే బోనులో నిలబెట్టారు. ఆ బోను కట్టినవాళ్ళూ స్త్రీలే కావడం మనం ఆలోచించుకోవాల్సిన ఇంకో సంగతి.

నా అభిప్రాయాలేమీ మెత్తబడలేదు. 'సెయింట్ యాంగర్' డ్రమ్ముని ఇప్పటికీ క్షమించను. 'లెమనేడ్'లోనూ రెండు పాటలు సాగదీసినట్టుంటాయని చెల్లితోనే పోట్లాడతాను. తనూ ఊరుకోదు, "నీ సబాత్‌లో సాగదీతలు లేవా?" అంటుంది. ఇప్పుడు తను ఉద్యోగం చేసుకుంటూ బోడుప్పల్‌లో వేరే ఉంటోంది. నచ్చింది, నచ్చలేదు అని గట్టిగా చెప్పగలగడం ఆడవాళ్ళకు అవసరమే. కానీ నేను అంతకాలం చెప్పినవాటిలో నా చెవి చెప్పినవెన్ని, ఎవరి పక్కనో చోటు దొరకడం కోసం చెప్పినవెన్ని? ఇప్పుడు నోరు తెరిచేముందు ఆ లెక్క చూసుకుంటున్నాను.

2025 జులై 22న బ్లాక్ సబాత్ గాయకుడు ఓజీ ఆస్బర్న్ చనిపోయినప్పుడు చెల్లి మా ఇంటికొచ్చింది. మొదటి ఆల్బమ్ పెట్టుకుని ఇద్దరం విన్నాం. అట్టమీద పాత నీటిమర ముందు నల్లటి దుస్తుల్లో నిలబడ్డ స్త్రీని చూసి "ఈవిడెవరక్కా?" అంది. ఇరవై ఏళ్ళలో ఏ అబ్బాయీ నన్ను అడగని ప్రశ్న! యాభై ఏళ్ళపాటు అభిమానులకు ఆమె ఎవరో తెలియదు. లూయీజా లివింగ్‌స్టన్ అన్న ఆమె పేరు 2020లో బయటికొచ్చింది. ఆమె కూడా సంగీతం చేస్తుంది, ఎలక్ట్రానిక్ సంగీతం. ఆ ఆల్బమ్ మాత్రం తనకు నచ్చే తరహా కాదని చెప్పింది.

ఆ మాట చెప్పగానే చెల్లి పగలబడి నవ్వింది.

"చూశావా, ఆవిడకీ నచ్చదు!"