వదులు తీగ

సంగీతం మీద వ్యాసం రాసే అర్హత నాకు లేదు. సరిగమలు వరసగా చెప్పమంటే చెబుతాను గానీ పాడమంటే మాత్రం హాస్టల్లో నాలుగు గదులు ఖాళీ అవుతాయి. అయినా సావనీరుకి ఏదో ఒకటి రాసి ఇస్తేగాని కదలనని యూనియన్ మిత్రుడు గుమ్మంలో బైఠాయించాడు. అందుకని కిందటేడు నా చెవిన పడిన ఒక సంగీతం గురించి, దాని మూలంగా నాకు తెలిసివచ్చిన నా తప్పు గురించి రాస్తున్నాను.

పరీక్షల రోజులు. రాత్రి పన్నెండు దాటింది. మా రూమ్మేటు పుస్తకం ముందేసుకుని సెల్‌ఫోన్లో ఏదో గిటారు పెట్టుకున్నాడు. "ఏంట్రా అది?" అన్నాను. "హవాయి గిటారు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. హవాయి గిటారు నాకు తెలియకపోవడమా! మా నాన్న దగ్గర సునీల్ గంగూలీ క్యాసెట్టు ఉండేది. పాత హిందీ సినిమా పాటలన్నీ అందులో గిటారు మీదే. గిటారును అడ్డంగా పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయిస్తారని నాన్న చెప్పేవాడు. మన గోటువాద్యం వాయించినట్టే. 19వ శతాబ్దం చివర జోసెఫ్ కెకుకు అనే హవాయి యువకుడు ఆ పద్ధతిని లోకానికి చాటాడు. 1940లలో టౌ మో అనే ఆయన కుటుంబంతో సహా కలకత్తాలో ఉండి వాయించాడు, మనవాళ్ళకి నేర్పాడు.

కానీ ఆ రాత్రి విన్నదాంట్లో ఎక్కడా జారుడు లేదు. కింద మంద్రంలో ఒక తీగ ఎడ్లబండి నడకలాగా తొణక్కుండా సాగుతోంది. దాని మీద సన్నగా పాట. ఇద్దరు వాయిస్తున్నారేమో అనుకున్నాను. ఒక్కడేనట. బొటనవేలు నడక చూసుకుంటుంది, మిగతా వేళ్ళు పాట చూసుకుంటాయి. ఎక్కడికీ తొందర లేదు. మర్నాటి పరీక్ష సంగతి నేను మర్చిపోయానంటే మీరు నమ్మరు గానీ, వచ్చిన మార్కులు చూస్తే నమ్ముతారు.

దాని పేరు 'కీ హోఅలు'. ఇంగ్లీషులో స్లాక్ కీ అంటారు. తీగను వదులు చెయ్యడం అని అర్థం. మామూలు గిటారుకి ఆరు తీగలు, లావు తీగ నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ అని కడతారు. వీళ్ళు అందులో రెండు చివరి తీగల్నీ, 'ఎ' తీగనీ ఒక్కొక్క స్వరం కిందికి దించుతారు. అప్పుడు డి, జి, డి, జి, బి, డి అవుతుంది. 'జి'ని షడ్జమం అనుకుంటే మన లెక్కలో ప స ప స గ ప. వేలు ఆనించకుండా మీటినా శ్రుతి పలుకుతుంది! ఈ అమరికకి వాళ్ళు పెట్టుకున్న పేరు 'టారో ప్యాచ్'. టారో అంటే మరేదో కాదు, మన చేమదుంప. చేమదుంపల మడి అన్నమాట. శ్రుతికి ఇంత ఇంటి పేరు పెట్టినవాళ్ళ మీద నాకు అక్కడే అభిమానం పుట్టింది. పైనున్న షడ్జమాన్ని ఇంకో అరస్వరం దించి నిషాదం చేస్తే 'వహినే' అంటారు. వహినే అంటే ఆడమనిషి.

ఈ గిటారు ఆ దీవుల్లో పుట్టింది కాదు. 1793లో వాంకూవర్ అనే ఇంగ్లీషు నావికుడు కమేహమేహా రాజుకి పశువుల్ని కానుకగా ఇచ్చాడు. వాటిని చంపకూడదని రాజు కట్టడి చేశాడు. అవి పెరిగి, అడవిబారి, పంటలమీద పడ్డాయి. 1830లలో వాటిని పట్టడానికి మెక్సికో పశులకాపరులను పిలిపించారు. వాళ్ళ వెంట గిటార్లు వచ్చాయి. వాళ్ళు కొన్నాళ్ళకి వెళ్ళిపోతూ గిటార్లు వదిలిపోయారనీ, నేర్పేవాళ్ళు లేక దీవులవాళ్ళు తమ గొంతులకి తగ్గట్టు తీగలు దించుకున్నారనీ చెబుతారు.

తర్వాత సంగతే నన్ను పట్టుకుంది. ఏ ఇంటి శ్రుతి ఆ ఇంటి రహస్యం. పరాయివాళ్ళు వస్తే వెనక్కి తిరిగి వాయించేవారట. వాయించడం అయ్యాక తీగలు వదులు చేసి మరీ గిటారు కింద పెట్టేవారట. 1893లో వాళ్ళ రాణి లిలియుఓకలానిని గద్దె దింపారు. 1896 నుంచి బళ్ళలో ఇంగ్లీషే. బయట ఒక్కొక్కటీ పోతుంటే ఇంట్లో మిగిలినదాన్ని గట్టిగా దాచుకున్నారేమో అనిపిస్తుంది. దాచినవాళ్ళు పోతే శ్రుతీ వాళ్ళతోనే పోయింది. హొనలూలూలో రోడ్డు పనులు చేసుకునే గాబీ పహినుయి 1946లో రికార్డు ఇస్తే ఈ వాద్యం మొదటిసారి ఇల్లు దాటింది. 1973లో కియోలా బీమర్ నేర్చుకునేవాళ్ళ కోసం పుస్తకం వేశాడు. ఇప్పుడు నా బోటివాడి చెవిదాకా వచ్చింది.

ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే, వాయించాక తీగలు వదులు చేసే మనిషి మా ఇంట్లో ఉండేవాడు.

మాది ధరణికోట. మా తాతయ్య కార్తీకమాసంలో తంబురా భుజాన వేసుకుని కృష్ణ ఒడ్డున తత్వాలు పాడేవాడు. పొన్నెకల్లు నాజర్ గారి బుర్రకథ ముందు వరసలో కూర్చుని విన్నానని పదిమందికీ చెప్పుకునేవాడు. పాట అయ్యాక బిరడాలు వదులు చేసి తంబురాని గోడకి తగిలించేవాడు. కొయ్యకి విశ్రాంతి కావాలనేవాడు. పగలు ఎప్పుడు చూసినా ఆ తీగలు వేలాడుతూ ఉండేవి. "మా తాతయ్యా వదులే, తంబురా వదులే" అని నా స్నేహితుల దగ్గర నవ్వాను కూడా. ఒకరోజు "శ్రుతి పట్టడం నేర్పుతాను, ఇట్లా రారా" అన్నాడు. "ఎంసెట్ అయ్యాక తాతయ్యా" అన్నాను. ఎంసెట్ అయింది. సీటు వచ్చింది. తాతయ్య లేడు.

ఆయన ఏదీ దాచలేదు. అడిగినవాడు లేడు, అంతే. హవాయిలో దాచుకుని పోగొట్టుకున్నారు. మేం పిలిచి ఇస్తానంటే వద్దని పోగొట్టుకున్నాం.

మా పక్కనే ఉన్న అమరావతి శిల్పాల్లో విల్లులా వంగిన వీణలున్నాయి. వాటి మీద వేళ్ళు కూడా ఉన్నాయి. అవి ఏ శ్రుతిలో పలికేవో ఏ రాయీ చెప్పదు. తాతయ్య తంబురా కూడా మా గోడ మీద అట్లాగే ఉండిపోయింది.

సంక్రాంతి సెలవులకి గుంటూరులో తీగలు కొనుక్కుని ఇంటికి వెళ్ళాను. మా మేనత్త పండక్కి వచ్చి ఉంది. తీగలు కట్టి, ఫోన్లో చూసుకుంటూ హార్మోనియం మెట్టుకి సరిగ్గా బిగించి మీటాను. బియ్యం ఏరుకుంటున్న అత్త తల ఎత్తి వింది.

"ఒరేయ్, ఇంకొంచెం వదులు చెయ్యరా. నాన్న గొంతు అంత పైకి ఉండేది కాదు."

కాస్త దించాను. ఇంకా అంది. ఇంకా దించాను. ఒకచోట ఆమె చేతులు ఆగిపోయాయి. చేట పక్కన పెట్టి ఒక తత్వం ఎత్తుకుంది. రెండు చరణాలు పాడి మూడోది గుర్తురాక కళ్ళు తుడుచుకుంది. ఫోన్లో చూస్తే ఆ శ్రుతి హార్మోనియంలో ఏ మెట్టు మీదా లేదు. రెండు మెట్ల మధ్య ఉంది.

ఆ రాత్రి నేను బిరడాలు వదులు చెయ్యలేదు. కొయ్యకి మంచిది కాదని తెలుసు.

మూడో చరణం గుర్తొస్తే ఫోను చేస్తానంది అత్త. ఎదురుచూస్తున్నాను. మిత్రులారా, మీ ఇళ్ళలోనూ గోడకి వేలాడుతున్నవి ఏవో ఉంటాయి. ఈ సెలవుల్లోనే అడగండి. పరీక్షలయ్యాక అనకండి.