కూడలిలో ఒక క్షణము

కోదాడనుండి వచ్చి సూర్యాపేటలో దిగినప్పుడెల్ల, కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు విగ్రహముకడ నా నడక తనంతట తానే మందగించును. ఈ ఊరి బిడ్డడై, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, బిహార్ రెజిమెంటు 16వ బెటాలియనుకు నాయకుడై, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో మరి 19 మంది సైనికులతోపాటు ప్రాణములర్పించిన ఆ వీరునికి మరణానంతరము మహావీరచక్ర లభించినది. మిర్యాలగూడ మిల్లులకు ధాన్యము చేరుట, ఓటుకై వరుసలో నిలుచుట, రాత్రి నిశ్చింతగా కన్నుమూయుట మనకెంత సహజములైనవి! ఎముకలు కొరుకు ఆ లోయ చలిలో మేలుకొన్నవారి ఋణమే యిదంతయు. మొన్న బత్తాయిలమ్ము అవ్వ యొకతె, బేరము నడుమ లేచి, కొంగుతో ఆ విగ్రహపు దిమ్మెమీది దుమ్ము తుడిచి, మరల తన గంపకడ కూర్చుండెను.