టొరంటోలో రాత్రి చుట్టములు

కెనడా దేశమునందలి టొరంటో నగరమున మా అమ్మాయి కాపురముండి 7 ఏండ్లయినది. నేను వైశాఖమాసమున అచ్చటికి పోయి భాద్రపదము వరకు నుంటిని. ఆ నగరమును చూచి వచ్చినవారు 553 మీటర్ల ఎత్తుగల సి.ఎన్. గోపురమును గూర్చియు, సముద్రమువలె కనుపించు ఆంటారియో సరస్సును గూర్చియు వ్రాయుదురు. నేను మాత్రము మా అమ్మాయి పెరటిని గూర్చియు, అచ్చట నేను చేసిన యొక పొరపాటును గూర్చియు వ్రాయదలచితిని. ఇల్లాండ్రకు గోపురముకంటె పెరడే దగ్గరి వస్తువు గదా!

ఆ ఇల్లు డాన్ నది లోయకు సమీపమున నున్నది. ఆ నగరమున ఇండ్ల వరుసల నడుమనుండియే చెట్లతో నిండిన లోతైన లోయలు పోవుచుండును. పగటివేళ చూచినచో ఎర్రయిటుకల ఇండ్లు, చెక్కకంచెలు, మేపుల్ చెట్ల నీడలు గల నెమ్మదియైన పేట. ప్రొద్దు గ్రుంకి చీకటి చిక్కబడినచో ఆ పేటకు వేరు కాపురస్థులు వత్తురు.

ఇంటిలో చుక్క యను పెంపుడు పిల్లి కలదు. నుదుట తెల్లని మచ్చ యుండుటచే మా మనుమరాలు దానికా పేరు పెట్టినది. ఆ బిడ్డకు 9 ఏండ్లు. తోబుట్టువులు లేరు, చుక్కయే దానికి చెల్లెలు.

మన ఇండ్లలో కాకికొక ముద్ద, పిల్లికొక ముద్ద పెట్టుట తరతరముల యలవాటు. మిగిలిన యన్నమును తొట్టిలో పారవేయ నాకు చేతులు రాలేదు. ప్రతిరాత్రియు పెరటిమెట్లపై పళ్లెముతో పెరుగన్నమును, ప్రక్కను గిన్నెతో నీళ్లను పెట్టుచుంటిని. తెల్లవారునప్పటికి పళ్లెము కడిగినట్లుండెడిది. నీళ్లు బురదగా నుండెడివి. “అమ్మా, రాత్రులు బయట ఏమియు పెట్టకు” మని మా అమ్మాయి రెండు మారులు చెప్పినది. “అన్నము పెట్టిన ఇంటికి లోటు రాదులే” యని నేను నవ్వి యూరకుంటిని.

ఒకనాటి రాత్రి పళ్లెము చప్పుడు విని అద్దపు తలుపునుండి తొంగిచూచితిని. పిల్లికంటె పెద్దది, బూడిదవన్నె జంతువొకటి కూర్చుండి, రెండుచేతులతో అన్నము తీసి, నీళ్లలో ముంచి, తడిమి తడిమి తినుచుండెను. కన్నులచుట్టు దొంగ కట్టుకొన్నట్లు నల్లని గంతలు. తోకకు నల్లని కడియములు. అదియే రాకూను. ఆ పేరు అమెరికా ఖండపు ఆదిమవాసుల భాషనుండి వచ్చినదనియు, చేతులతో గోకునదని దాని యర్థమనియు చెప్పుదురు. నీళ్లలో ముంచుట శుభ్రతకై కాదట. తడిసినప్పుడు దాని చేతులకు స్పర్శజ్ఞానము హెచ్చునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. మన పల్లెలలో పెంకుటిండ్ల అటకలపై చేరు మానుపిల్లి నాకు జ్ఞప్తికి వచ్చినది. దాని ముచ్చటకు మురిసి, మరునాడు ఒక ముద్ద ఎక్కువ పెట్టితిని.

జ్యేష్ఠమాసమున ఒక రాత్రి చుక్క బయటనే యుండిపోయినది. పెరటిలో నొక భయంకరమైన యరుపు వినవచ్చినది. మేము దీపము వేసికొని పోవునప్పటికి చుక్క చెవి చినిగి, కాలికి కాటుపడి, మెట్లక్రింద వణకుచుండెను. సామాన్యముగా రాకూనులును పిల్లులును ఒకదానినొకటి తప్పించుకొని తిరుగునట. కాని తిండి పళ్లెము నడుమ నున్నచో స్నేహము నిలువదు. పిల్లలతల్లియైన రాకూను మరింత కోపిష్ఠి.

పశువైద్యుడు గాయములు కడిగి, కుట్లు వేసి, రేబీసు టీకా మరల నొక మోతాదు వేసెను. కొన్నాళ్లు దానిని ఇల్లు కదలనీయక కనిపెట్టి యుండుడని చెప్పెను. ఆ రాష్ట్రమున 3 నెలలు దాటిన పిల్లులకెల్ల ఆ టీకా వేయింపవలెనని చట్టమున్నది. మా అమ్మాయి అంతకుముందే వేయించి యుండుటచే గండము గడచినది. ఆ రాత్రి మనుమరాలు పిల్లి ప్రక్కనే కూర్చుండి, “అమ్మమ్మా, నీవు పెట్టిన అన్నమునకే కదా అవి వచ్చినవి?” యని మెల్లగా నడిగినది. నాకు మాట రాలేదు.

మరునాడు ప్రక్కయింటి ముసలమ్మగారు వచ్చి, మా యింటి కప్పుమూలను ఊడిన పలకను చూపిరి. చెవియొగ్గి వినగా అటకపై పిల్లల కిచకిచలు! బోనుపెట్టి దూరపు అడవిలో విడిచిన పోదా యని నేనంటిని. పట్టిన చోటికి ఒక కిలోమీటరు దాటించి విడుచుట ఆ రాష్ట్రమున నిషిద్ధమని ఆమె చెప్పిరి. తల్లిని మాత్రము పట్టినచో పిల్లలు ఆకలితో చచ్చును. కనుక అటకపై దీపము వెలిగించి, రేడియో మ్రోగించి, ఓర్పుతో నుండుడని ఆమె యుపదేశము. తల్లి రాకూనునకు వేరు తావులును తెలిసియుండునట.

మూడవరాత్రి మేమందరమును చీకటిలో కూర్చుండి చూచితిమి. తల్లి యొక్కొక్క పిల్లను మెడపట్టి కరచుకొని, గోడవెంట దిగి, కంచె దాటి, లోయవైపు పోయెను. నాలుగు మారులు వచ్చి నాలుగు పిల్లలను తీసికొనిపోయెను. నాలుగవ పిల్లను దించిన పిమ్మట మరల నొకమారు ఎక్కి, అటకలోనికి తొంగిచూచి, ఏమియు మిగులలేదని రూఢిచేసికొని మరి పోయెను. బిడ్డలను లెక్కించుకొనని తల్లి యెచ్చట నున్నది? ఆ రాత్రితో దానిపై నాకున్న కోపము పోయినది. పిదప పనివానిచే ఆ రంధ్రమునకు గట్టి ఇనుపజల్లెడ కొట్టించితిమి.

ఆ నగరమున తిండితుక్కునకు వేరు తొట్టి యుండును. రాకూనులు మూతలు తీయుచుండుటచే 2016 లో నగరపాలకులు త్రిప్పి తీయు గడియగల క్రొత్త తొట్టెల నియ్య మొదలిడిరి. గడియయొక్కటియే చాలదు, పెంపుడు జంతువుల తిండి బయట నుంచరాదు, ప్రొద్దు గ్రుంకగానే పిల్లిని లోనికి పిలువవలెను. రాకూను మలమునందు ఒక విధమైన ఏలికపాముల గ్రుడ్లుండవచ్చును. అవి నోటబడినచో మెదడునకును కన్నులకును ముప్పు. కాబట్టి పిల్లలాడు ఇసుకగుంటలను కప్పి యుంచవలెను.

సోదరీమణులారా, పెట్టుటయే పుణ్యమని నేర్చినదానను నేను. మాలిమిపడిన అడవిజంతువు మనుష్యులకు వెరవక ఇండ్లు దూరును. దూరినచో దానికిని, మన బిడ్డలకును, పిల్లులకును చేటు. పెట్టక చేయి ముడుచుకొనుటయు నొక్కొక్కచోట దయయే యని అరువదియేండ్లు దాటిన తరువాత నాకు తెలిసినది.

నేను తిరిగి వచ్చుటకు ముందురాత్రి చుక్క కిటికీ అద్దముకడ కూర్చుండెను. కంచెపై తల్లి రాకూను, వెనుక నాలుగు పిల్లలు వరుసగా పోవుచుండెను. ఒక్కక్షణము నిలిచి చూచుకొని, ఎవరి దారిని వారు పోయిరి. మనుమరాలు నా యొడిలో తల పెట్టి, “నాలుగును ఉన్నవి అమ్మమ్మా” యన్నది.